జీతం తగ్గితే మనిషి తగ్గుతాడా?

(ఆలయ వార్షికోత్సవ సందర్భంగా యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

ఈ ప్రాంగణంలోనే ఆదివారపు తరగతుల్లో ఓనమాలు దిద్ది, ఈ వేదికపైనే అన్నమాచార్య కీర్తనలు పాడి, నేడు ఉద్యోగస్థులై, గృహస్థులై ఎదురుగా కూర్చున్న యువతీయువకులకు శుభాశీస్సులు.

వైద్యురాలిని గనుక మధుమేహం గురించో, గుండె జబ్బుల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. నిర్వాహకులు కోరినదీ అదే. అయితే ఇటీవల నా వద్దకు వచ్చే మన యువతలో నిద్ర పట్టడం లేదన్నవారిని, గుండె దడగా ఉన్నదన్నవారిని కాస్త కదిలించి అడిగితే, కొందరి విషయంలో రోగానికి మూలం కంపెనీ పంపిన ఒక ఉత్తరంలో తేలుతోంది. అందుచేత నేడు ఒకే ప్రశ్నను మీ ముందు ఉంచదలచాను. లేఆఫ్ అయిన తరువాత తక్కువ జీతానికి ఉద్యోగం వస్తే స్వీకరించాలా, నిరాకరించాలా?

2022 నవంబరులో మెటా సంస్థ 11,000 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. 2023 జనవరిలో గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000, అమెజాన్ 18,000కు పైగా అన్నాయి. మరుసటి రెండు నెలల్లో మా అన్నయ్య కూతురి ఉద్యోగమూ పోయింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఒక రాత్రి ఫోన్ చేసి ఇలా అడిగింది:

"అత్తా, ఒక చోట రమ్మంటున్నారు. జీతం మునుపటికంటే నలభై శాతం తక్కువ. ఒప్పుకుంటే నేను ఓడిపోయినట్టేనా?"

ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుందా అని ఆమె అడగలేదు. ఓడిపోయినట్టేనా అని అడిగింది. వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. సరిగా ఇదే ప్రశ్న మా ఇంట్లో ఒకసారి మూడు వారాలపాటు ఎవరి నోటా రాకుండా తిరిగింది. ఆ సంగతి మావారి అనుమతితోనే మీకు చెబుతున్నాను.

2009లో ఈ దేశమంతా మాంద్యంలో ఉన్నది. ఆ ఏడాది అక్టోబరు నాటికి నిరుద్యోగం పది శాతానికి చేరింది. వసంతంలోనే మావారి ఉద్యోగం పోయింది. ఇంజనీరుగా పదకొండేళ్లు చేసిన సంస్థ అది. కొన్ని వారాలకు కౌంటీ నీటి సరఫరా విభాగంలో ఒక ఉద్యోగం ఇస్తామన్నారు. జీతం మూడో వంతు తక్కువ. ఆయన అవుననలేదు, కాదనలేదు. ప్రతి ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కొని గ్రంథాలయానికి వెళ్లేవారు. గుంటూరులో ఉన్న మామగారికి చెప్పవద్దన్నారు. వారం తప్పకుండా గుడికి వచ్చే మనిషి రావడం మానేశారు. అలసట అనుకున్నాను. రోజుకు ఇరవై మంది రక్తపోటు చూసే నేను, నా ఇంట్లో మనిషిని చూడలేదు.

ఒక శనివారం అడిగాను: "ఏమండీ, ఈ వారమైనా గుడికి వెళదామా?"

"వెళితే అక్కడ అడుగుతారు."

"ఎవరు? ఏమని?"

"ప్రసాదం వరుసలో నిలబడగానే మొదటి ప్రశ్న అదేగా. ఎక్కడ చేస్తున్నారండీ అని."

ఆ రాత్రి ఆయన రక్తపోటు 160కి 100 ఉన్నది. పిల్లలు పడుకున్నాక భోజనాల బల్ల మీద ఒక కాగితం పెట్టుకొని నెల ఖర్చులన్నీ మూడు వరుసలుగా వ్రాశాము: అవసరం, అలవాటు, నలుగురి కోసం. మూడో వరుస ఎంత పొడవుగా వచ్చిందో చూసి ఇద్దరమూ మాట్లాడలేదు. నా సంపాదన ఉన్నది గనుక మాకు తిండికి లోటు లేదు. ఆయన కాపాడుకోవాలని తపిస్తున్నది తన పేరును. అది అర్థమయ్యాక నిర్ణయం తేలికైంది. సోమవారం ఆయన సరేనని ఉత్తరం వ్రాశారు.

ఆ నిర్ణయం వల్ల నష్టమేమీ కలుగలేదని నేను చెప్పను. పాత జీతాన్ని మళ్లీ అందుకోవడానికి ఆరేళ్లు పట్టింది. పెద్ద ఇల్లు కొనాలన్న ఆలోచన విడిచిపెట్టాము. మా అమ్మాయి ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీటు వదులుకొని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదివింది. ఇది మా ఒక్కరి అనుభవం కాదు. పెన్సిల్వేనియా కార్మికుల జీతాలను పరిశీలించి జేకబ్సన్, లలోండ్, సలివన్ అనే ఆర్థికవేత్తలు 1993లో ఒక పరిశోధన ప్రకటించారు. చాలాకాలం ఒకే చోట పనిచేసి, సంస్థ దెబ్బతిన్నందువల్ల ఉద్యోగం పోయినవారి సంపాదన, ఐదారేళ్ల తరువాత కూడా ఉండవలసినదానికంటే సుమారు పాతిక శాతం తక్కువగానే ఉన్నదని వారు తేల్చారు. జీతం తగ్గడమన్నది వేలమంది సమర్థులకు జరిగిన విషయం. అది మీ విలువపై ఇచ్చిన తీర్పు కాదు. అలాగని ఆ నష్టం లేనట్టు నటించనూ వద్దు.

ఇక వైద్యురాలిగా ఒక మాట. ఆస్ట్రియాలో మారియెంథాల్ అనే చిన్న ఊరు ఉన్నది. మాంద్యకాలంలో అక్కడి బట్టల మిల్లు మూతపడి, ఊరంతా పని లేకుండా అయింది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరిని దగ్గరగా గమనించి 1933లో గ్రంథం ప్రచురించారు. కావలసినంత తీరిక ఉన్నా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకొనేవారు తగ్గారు. వీధిలో మగవారి నడక నెమ్మదించింది. ఉద్యోగం జీతంతోపాటు దినచర్యను, నలుగురితో సాంగత్యాన్ని, ఒక ప్రయోజనాన్ని కూడా ఇస్తుందని యహోదా తరువాత వివరించారు. దీన్నిబట్టి ఏదో ఒక పని ఉండడమే మేలనిపిస్తుంది.

రెండో పక్క కూడా వినండి. ఆస్ట్రేలియాలో పీటర్ బటర్‌వర్త్ బృందం 2011లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, నిరుద్యోగం నుంచి మంచి ఉద్యోగంలోకి వెళ్లినవారి మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. భరోసా లేని, తమ చేతిలో ఏ నిర్ణయమూ లేని, ఒత్తిడి మితిమీరిన ఉద్యోగంలో చేరినవారి పరిస్థితి, నిరుద్యోగులుగా ఉన్నవారికంటే కూడా ఎక్కువగా క్షీణించింది. కాబట్టి ఆఫర్ లెటర్‌లో జీతం అంకె ఒక్కటే చూస్తే చాలదు. ఆ పని ఎటువంటిది, పై అధికారి ఎటువంటివాడు, ఎన్ని గంటలు చేయించుకుంటారు అన్నవి విచారించాలి.

ఈ రెంటి మధ్య నిర్ణయానికి రావడానికి మా మేనకోడలికి నేను నాలుగు లెక్కలు వేయమన్నాను. మీకూ అవే చెబుతున్నాను.

మొదటిది రోజుల లెక్క. చేతిలో ఉన్న సొమ్ము, సెవరెన్స్, నిరుద్యోగ భృతి కలిపి ఎన్ని నెలలు వస్తుంది? ఉద్యోగం పోయిన వారంలోనే భృతికి దరఖాస్తు చేయండి. అది దానం కాదు, సిగ్గుపడవలసిన పని లేదు. చాలా రాష్ట్రాలలో గరిష్ఠంగా 26 వారాలు లభిస్తుంది. అయితే మీకు తగినదని వారు భావించిన పనిని నిరాకరిస్తే భృతి ఆగిపోవచ్చు. హెచ్-1బీ మీద ఉన్న మీ జీవిత భాగస్వామికో, బంధువుకో ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులే. వారి లెక్క వేరు, వారి తొందర న్యాయమైనది.

రెండవది ఆరోగ్య బీమా లెక్క. మన ఇళ్లలో అందరికంటే ఆలస్యంగా గుర్తుకు వచ్చేది ఇదే. కోబ్రా చట్టం కింద పాత బీమాను సాధారణంగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు గాని, కంపెనీ కట్టే వాటా కూడా మీరే కట్టాలి. మొత్తం ప్రీమియంలో 102 శాతం వరకు వసూలు చేస్తారు. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో బీమా తీసుకోవడానికి పాత బీమా పోయిన నాటి నుంచి 60 రోజుల వ్యవధి ఉన్నది. 26 ఏళ్లు నిండనివారు తల్లిదండ్రుల బీమాలో చేరవచ్చు. ఇంట్లో గర్భవతి ఉన్నా, ఇన్సులిన్ వాడేవారు ఉన్నా, మంచి బీమా ఇచ్చే తక్కువ జీతం ఉద్యోగం పైకి కనిపించేంత తక్కువది కాదు. బీమా లేదని రక్తపోటు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకొని ఆసుపత్రి పాలైనవారిని చూశాను. అలా చేయకండి. మీ వైద్యునికి ఉన్నమాట చెప్పండి. చవకగా దొరికే మందులకు మార్చగలము.

మూడవది ఇంటి లెక్క. మేము వ్రాసుకున్న ఆ మూడు వరుసలే. ఒంటరిగా వ్రాయకండి. భార్యాభర్తలు కలిసి వ్రాయండి. కొత్త జీతం మొదటి వరుసకు చాలకపోతే ఆ ఉద్యోగం తాత్కాలికమని ముందే తెలుసుకొని, వెతుకులాట ఆపకండి. మూడవ వరుసకు మాత్రమే చాలకపోతే, వెనుకాడుతున్నది ఎందుకో మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

నాలుగవది రేపటి లెక్క. రెండేళ్ల తరువాత ఈ ఉద్యోగం మిమ్మల్ని ఎక్కడ నిలబెడుతుంది? మీ విద్యకు పదును పెడుతుందా, తుప్పు పట్టిస్తుందా? జీతం పెంచలేమన్నవారు సెలవులో, హోదానో, ఆరు నెలల్లో జీతం తిరిగి పరిశీలిస్తామన్న వ్రాతపూర్వక హామీనో ఇవ్వగలరు. అడగండి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలలో మీ పాత జీతమెంతని అడగడాన్ని చట్టమే నిషేధించింది. మీరుగా చెప్పుకోవలసిన అవసరమూ లేదు.

ఈ నాలుగు లెక్కలకూ వెనుక ఉన్న ధర్మం మనకు కొత్తది కాదు. విరాటపర్వం తలచుకోండి. రాజసూయం చేసిన ధర్మరాజు కంకుభట్టుగా మరొక రాజు కొలువులో కూర్చున్నాడు. భీముడు వంటశాలలో వలలుడైనాడు. అర్జునుడు బృహన్నలగా నాట్యం నేర్పాడు. ఎవరికి వచ్చిన విద్యతో వారు తమ పనిని ఎంచుకున్నారు. గడువు ఏడాది అని వారికి తెలుసు. ఆయుధాలను పారవేయలేదు, మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచుకున్నారు. ఒక్క సంగతి మరువరాదు. చిన్న కొలువును సహించినవారు కీచకుణ్ణి సహించలేదు. హోదా తగ్గడం వేరు, అవమానానికి గురికావడం వేరు. మొదటిదానికి ఒప్పుకోవచ్చు. రెండవదానికి ఏ జీతానికీ ఒప్పుకోనక్కరలేదు. ప్రతి దసరాకు ఈ గుడిలో జమ్మి ఆకు చేతిలో పెట్టి నమస్కరించేటప్పుడు ఈ మాట జ్ఞాపకం చేసుకోండి.

పెద్దలకు ఒక మనవి. మీరు పది డాలర్లతోనో, ఇరవై డాలర్లతోనో దిగి ఇంతవారైనారని పిల్లలు చిన్ననాటి నుంచీ వింటున్నారు. ఆ కథలో మీకు పని దొరకని నెలలు, చదువుకు తగని పనులు చేసిన రోజులు కూడా ఉన్నాయి. వాటిని దాచకుండా చెప్పండి. ఉద్యోగం పోయిన బిడ్డ మీ ముందు కూర్చుంటే, ఫలానావారి అబ్బాయికి ఎంత వస్తున్నదో ఆ పూట చెప్పకండి.

ఆలయ కుటుంబానికి మరొక మనవి. ప్రసాదం వరుసలో మన మొదటి ప్రశ్నను మార్చుకుందాము. "ఎక్కడ చేస్తున్నారు?" బదులు "బాగున్నారా? అమ్మగారు బాగున్నారా?" అని అడుగుదాము. స్వామి ఎదుట కూడా జీతం చెప్పుకోవలసి వస్తే, మనిషి ఇంకెక్కడికి వెళతాడు?

మా మేనకోడలు నాలుగు లెక్కలూ వేసుకొని ఆ నలభై శాతం తక్కువ ఉద్యోగాన్ని వద్దన్నది. ఆమెకు ఐదు నెలల ఖర్చుకు సరిపడా సొమ్మున్నది, అప్పు లేదు. వాకబు చేస్తే అక్కడ ఏడాదిలో ముగ్గురు మానేసి వెళ్లారని తెలిసింది. మూడు నెలల తరువాత పాత జీతంలో ముప్పాతిక వంతు ఇచ్చే మరొక చోట చేరింది. మావారు ఒప్పుకున్నారు, ఆమె కాదన్నది. రెండూ సరైన నిర్ణయాలే అని నా నమ్మకం. భయంతో ఒప్పుకోకండి, సిగ్గుతో కాదనకండి. లెక్క చూసుకొని, ఇంట్లోవారితో చెప్పుకొని, ఆపైన ఏది చేసినా తలెత్తుకొని చేయండి.

మావారు కౌంటీలో చేరిన తరువాతి శనివారం మేము గుడికి వచ్చాము. వరుసలో ఒక పెద్దాయన అడగనే అడిగారు. "నీళ్ల డిపార్టుమెంటులో చేస్తున్నానండీ" అన్నారు మావారు. "అయితే మేము తాగే నీళ్లు మీ చేతి మీదుగానే వస్తాయన్నమాట" అని నవ్వి, ఆయన మరో రెండు గరిటెల పులిహోర వేయించారు. ఆ పెద్దాయన నేడు మన మధ్య లేరు. ఆయన మాట మాత్రం మా ఇంట్లో ఇంకా ఉన్నది.

శుభమస్తు.