ఆటలో తగిలిన దెబ్బే అనుకున్నాం



ఇవాళ పచ్చళ్ళూ, అల్లికలూ, పిల్లల పెంపకమూ పక్కన పెట్టి ఫుట్‌బాల్ గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "ఆడవాళ్ళకు ఫుట్‌బాల్ ముచ్చట ఎందుకమ్మా?" అని నవ్వుకోకండి. ఆడింది మగపిల్లలే కావచ్చు, కానీ ఆ బురద మేజోళ్ళు ఉతికిందీ, ఆట అయ్యాక ఆవురావురుమంటూ వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిందీ ఇంట్లో ఆడవాళ్ళే గదా.

నేను కాజీపేట రైల్వే కాలనీలో పుట్టి పెరిగాను. సాయంత్రం కాగానే కాలనీ మైదానంలో ఈల వినిపించేది. అమ్మ పొయ్యి మీద చాయ పెట్టేది ఆ ఈలను బట్టే. మా బాపు లోకో షెడ్డులో పనిచేసేవాడు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చే ముందు మైదానం చుట్టూ ఒక తిరుగుడు తిరగందే ఆయనకు పూట గడిచేది కాదు.

పోయిన ఏడు మా పిల్లలు ఇంట్లో టీవీలో 'మైదాన్' అనే హిందీ సినిమా పెట్టారు. 2024లో వచ్చింది. అజయ్ దేవగణ్ వేశాడు, మన ప్రియమణి కూడా ఉంది. అది మన హైదరాబాదు మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం కథ. మీలో చాలామందికి ఆ పేరు తెలియకపోవచ్చు. మా ఇంట్లో మాత్రం చిన్నప్పటినుంచీ దేవుళ్ళ పేర్లతోబాటు వినిపించిన పేరు. బాపు ఎప్పుడూ ఒట్టి రహీం అనడు, "రహీం సాబ్" అంటాడు.

రహీం సాబ్ 1909లో పుట్టాడు. బడిపంతులు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఫుట్‌బాల్ నేర్పిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేసి 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు తెప్పించాడు. దేశం జట్టుకు కూడా ఆయనే గురువు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లేవియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతోనే ఆడేవాళ్ళు మరి! నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956లో మెల్‌బోర్న్‌లో అదే జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్ళింది. పదిగోళ్ళు తిని వచ్చిన పిల్లల్ని మళ్ళీ నిలబెట్టడం చూశారా, అది పంతులు గుణం.

తర్వాత 1962లో జకార్తా. అప్పటికే ఆయన ఊపిరితిత్తులకు క్యాన్సర్ పట్టింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మీద 2-0తో ఓడిపోయాం. ఆ తర్వాత ఒక్కొక్కరినీ గెలుచుకుంటూ పోయి, ఫైనల్లో మళ్ళీ అదే కొరియా ఎదురైంది. రాజకీయ గొడవల వల్ల అక్కడి జనం మనవాళ్ళ మీద కోపంగా ఉన్నారు. స్టేడియం నిండా ఈలలూ, కేకలూ. జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి ఉన్నాయి. అయినా అతన్ని వెనకనుంచి ముందుకు తెచ్చి ఆడించాడు రహీం సాబ్. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి వేశారు. 2-1తో గెలిచాం. ఆ జట్టులో తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్ మన సికింద్రాబాదు పిల్లలే.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ పోయాడు. 53 ఏళ్ళు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం ఆ తర్వాత మనకు మళ్ళీ రాలేదు.

అప్పుడు బాపుకు పదహారేళ్ళు, సికింద్రాబాదులో మేనమామ ఇంట్లో ఉండేవాడు. ఆ సాయంత్రం వాళ్ళ వీధి పిల్లలెవ్వరూ బంతి బయటికి తీయలేదట. ఇరానీ హోటల్లో పెద్దవాళ్ళు చాయ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నారట. ఈ ముచ్చట బాపు నాకు వందసార్లన్నా చెప్పి ఉంటాడు.

ఆ రోజు సినిమా చూస్తూ, రహీం సాబ్ దగ్గుతూ రుమాలు నోటికి అడ్డం పెట్టుకునే చోట బాపు లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. పిల్లలకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

నాకొక అన్న ఉండేవాడు. పేరు చెప్పను, బాపు వింటుంటాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కుడివైపు చివరన ఆడేవాడు. అన్న బంతి తీసుకుని గీత వెంట పరుగెత్తుతుంటే గార్డులూ, పోర్టర్లూ, సమోసాలు అమ్మే ముసలాయనా అందరూ లేచి నిలబడేవాళ్ళు. మా కాలనీకి అతనే హీరో. ఆడపిల్లలం గోడ అవతలినుంచి చూసేవాళ్ళం, దగ్గరికి పోతే అమ్మ ఊరుకునేది కాదు.

1995 వానాకాలంలో అన్నకు ఎడమ మోకాలి కింద నొప్పి మొదలైంది. ఆటలో దెబ్బ తగిలింది, నిజమే. అందరమూ ఆ దెబ్బే అనుకున్నాం. కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకుపోయారు. ఆకు పసరు, పట్టీ, కాపడం. నెల, రెండు నెలలు గడిచాయి. ఆశ్చర్యమేమిటంటే ఆట మానేసినా నొప్పి తగ్గలేదు. రాత్రిపూట ఇంకా ఎక్కువయ్యేది. నిద్రలో మూలిగేవాడు. అమ్మ చూసింది, వాపు గట్టిగా రాయిలా ఉందని. "పెద్ద డాక్టరుకు చూపిద్దాం" అంది. "ఆటగాడికి దెబ్బలు తగలవా? ఆడదానివి నీకేం తెలుసు" అన్నాడు బాపు. అమ్మ మళ్ళీ నోరెత్తలేదు.

ఎక్స్‌రే తీయించేసరికి సంక్రాంతి వచ్చింది. డాక్టరు బాపును ఒక్కడినే లోపలికి పిలిచాడు. ఎముక క్యాన్సర్. హైదరాబాదులో కాలు తీసేశారు, మందులు ఎక్కించారు. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవ్వరం పలకలేదు. చుట్టాలొస్తే "కాలు జబ్బు" అనేవాళ్ళం, అదేదో మేము చేసిన తప్పయినట్టు. అన్నకు సేవ చేస్తూ నా ఇంటర్ చదువు ఆగిపోయింది, అది వేరే సంగతి. 1996 ఆగస్టులో అన్న వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళు.

ఆ తర్వాతి ఆదివారం మ్యాచి ఉండింది. మానేద్దామని కొందరన్నారట. చివరికి ఆడారు. కానీ కుడివైపు చివర, అన్న నిలబడే చోట ఎవ్వరినీ నిలబెట్టలేదు. పదిమందితోనే ఆడి ఓడిపోయారు. అవతలి జట్టు పిల్లలు కూడా గెలిచిన సంబరం చేసుకోలేదు. ఆట అయ్యాక అందరూ కలిసి, షూలు చేతిలో పట్టుకుని మా ఇంటిముందుకొచ్చి నిలబడ్డారు. ఏం మాట్లాడాలో వాళ్ళకు తెలియలేదు. అమ్మ లోపలికి వెళ్ళి అందరికీ చాయ పెట్టింది. అమ్మ ఆ రోజు అంతమందికి చాయ ఎలా పెట్టగలిగిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

చాలా ఏళ్ళకు నేను కెనడా కుర్రవాడు టెర్రీ ఫాక్స్ గురించి చదివాను. అతనిది బాస్కెట్‌బాల్. మోకాలు నొప్పి పుడితే, అంతకుముందు కారు ప్రమాదంలో తగిలిన దెబ్బే అనుకున్నాడు. 1977లో కాలు తీసేశారు. కృత్రిమ కాలుతో 1980లో 143 రోజులు పరుగెత్తి, క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేశాడు. 5,373 కిలోమీటర్లు! తర్వాతి ఏడు పోయాడు, ఇరవైరెండేళ్ళకు. ఎక్కడి కెనడా, ఎక్కడి కాజీపేట! అక్కడా దెబ్బే అనుకున్నారు.

ఈ జబ్బు ఎక్కువగా పదేళ్ళనుంచి పాతికేళ్ళలోపు పిల్లలకు, ఎముకలు పెరిగే వయసులో వస్తుంది. మోకాలి దగ్గరే ఎక్కువ. చాలా అరుదు, కంగారు పడకండి. పిల్లల మోకాళ్ళ నొప్పుల్లో దాదాపు అన్నీ మామూలివే. కానీ విశ్రాంతి ఇచ్చినా వారాల తరబడి తగ్గని నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, రోజురోజుకూ గట్టిపడే వాపు, వీటికి పసరు పట్టీ కాదు, ఎక్స్‌రే కావాలి. అలాంటి వాపు మీద గట్టిగా మర్దనా చేయించకూడదు కూడా. ఇప్పుడు చాలామందికి కాలు తీయకుండానే, జబ్బు పట్టిన ఎముక భాగం తీసి లోహపు కడ్డీ అమరుస్తున్నారు. వేరేచోటికి పాకకముందే పట్టుకుంటే పదిమందిలో ఆరేడుగురు బతుకుతున్నారు. రాత్రి పిల్లవాడు మూలిగేది మొదట వినేది తల్లే గదా.

సినిమా అయ్యాక వరండాలోకి వెళ్ళాను. బాపు చీకట్లో కూర్చుని ఉన్నాడు. రహీం సాబ్ కొడుకు హకీం కూడా ఆటగాడేనని, 1960లో రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడని ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"మీ అమ్మ చెప్పింది బిడ్డా. నేనే వినలే," అన్నాడు.

ఇరవైఎనిమిదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. వినడానికి అమ్మ లేదు. పోయి ఆరేళ్ళయింది. "నీ తప్పు కాదు బాపూ" అందామనుకున్నాను. పూర్తిగా నిజం కాని మాట నోటికి రాలేదు. పక్కన కూర్చున్నాను, అంతే.

మొన్న దసరా సెలవుల్లో మా చిన్నవాడు ఆడుకుని కుంటుతూ వచ్చాడు. నేను గోరువెచ్చని నీళ్ళు పెడుతుండగానే బాపు చెప్పులు తొడుక్కుని ఆటో పిలుచుకొచ్చాడు. డాక్టరుగారు చూసి, నరం పట్టింది, రెండు రోజుల్లో తగ్గుతుంది, ఎక్స్‌రే అక్కరలేదన్నారు. బాపు వినలేదు, తీయించాల్సిందేనని కూర్చున్నాడు. తీశారు. ఏమీ లేదు. ఇంటికొచ్చాక డెబ్భైఎనిమిదేళ్ళ ఆ మనిషి ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.