నిజమేది? మనకెట్లు తెలియును?

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)

తలిదండ్రులారా,

తత్త్వశాస్త్రమన్నంతనే అది సన్న్యాసులకు, వృద్ధులకు తగినదని మనలో పెక్కుమంది తలంతురు. కాని దానికి మూలమైన ప్రశ్నలు రెండు: నిజముగా నున్నదేది? అది మనకెట్లు తెలియును? ఈ రెండును మన పిల్లలు ఇంటియందు ప్రతిదినము అడుగునవే.

మన క్యాతగానచెర్లునే చూతము. 2018లో ప్రారంభమైన పావగడ సౌరవిద్యుత్కేంద్రము ఐదు గ్రామముల పరిధిలో దాదాపు 13,000 ఎకరములందు వ్యాపించినది. ఆ గ్రామములలో మనదియు నొకటి. ఎండవేళ దూరమునుండి చూచువారికి ఆ పలకల వరుసలు నిండుచెరువువలె తోచును. దగ్గరకు పోయినచో గాజు! రెండు మారులును చూచినది ఆ కన్నే గదా. మొదటి చూపును కాదని రెండవదానిని ఏల నమ్ముదుము? నైయాయికులు దీనికి చక్కని సమాధానము చెప్పిరి: జ్ఞానము నిజమైనచో, దానినిబట్టి చేసిన పని ఫలించును. నీరని పోయినవాని దప్పి తీరవలెను గదా!

చీకటిలో త్రాటిని చూచి పామని జడిసినవాని సంగతి మరింత చిక్కైనది. పాము లేదు, గుండెదడ మాత్రము నిజము. లేని పాము ఎట్లు కనబడెను? వేరొకచోట చూచిన పామే ఇచట తోచినదని నైయాయికులు, ఉన్నదనుటకును లేదనుటకును వీలుకానిదని అద్వైతులు చెప్పిరి. ఈ వాదము శతాబ్దముల తరబడి సాగినది.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున ప్రారంభకులకై తర్కసంగ్రహమును రచించి, అందు తెలివికి నాలుగు మార్గములను వివరించెను. కన్ను మున్నగు ఇంద్రియములచే తెలియుట ప్రత్యక్షము. పొగనుబట్టి నిప్పును గ్రహించుట అనుమానము. ఆవును పోలియుండునని విన్న మృగమును అడవిలో గుర్తించుట ఉపమానము. ఆప్తుని మాట శబ్దము. ఇచట ఆప్తుడనగా చుట్టము కాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు. చేతిఫోనునకు వచ్చిన వార్తను నమ్ముటకు ముందు, పంపినవాడు చుట్టమా యని గాక, ఆప్తుడా యని విచారింపవలెను.

మన పిల్లలకు ఒక మేలున్నది. ఇంట 'పాలు', అంగడిలో 'హాలు' అని వినుచు, పేరు మారినను వస్తువు మారదని వారు చిన్ననాడే గ్రహింతురు. అట్టి బిడ్డ "నీకెట్ల తెలుసు నాయనా?" అని అడిగినపుడు, ఎదురుమాటలాడకుమని కసరవలదు. తెలిసినచో చెప్పుడు, తెలియనిచో ఇరువురును కలిసి పోయి చూడుడు. ఇంట నోరు మూయించిన ప్రశ్నను పాఠశాలలో మరల పలికించుట మాకు కష్టము.