నోటిపుండు: వెడల్పు కంటె లోతు ముఖ్యము



నోటిలో పుండు కనబడినపుడు మనము దాని వెడల్పును మాత్రమే చూచి, "చిన్నదే గదా" అని ఊరకుందుము. పొలములో తుంగ పైకి నాలుగు ఆకులే కనబడినను, గడ్డలు లోతున పాకియుండుననుట రైతులకు తెలిసినదే. నోటి కాన్సరు పుండును అటువంటిదే.

పుండు నాలుక కండలోనికి దిగినకొలది, కాన్సరు కణములు అచ్చటి శోషరస నాళముల గుండ మెడగ్రంథులను చేరు ప్రమాదము హెచ్చును. కావుననే 2018 నుండి వైద్యులు అనుసరించుచున్న అంతర్జాతీయ వర్గీకరణలో పుండు లోతునుగూడ లెక్కించుచున్నారు. వెడల్పు 2 సెంటీమీటర్లకు మించకున్నను, లోతు 5 మిల్లీమీటర్లు దాటినచో దానిని మొదటి శ్రేణిలో చేర్చరు.

మెడగ్రంథుల విషయమై ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 2015లో ఒక పరిశోధనను ప్రకటించిరి. తొలిదశలోనే పుండుతోపాటు మెడగ్రంథులనుగూడ తీయించుకొన్నవారిలో మూడేండ్ల పిదప 80 శాతము జీవించియుండిరి. గ్రంథులలో వ్యాధి బయటపడువరకు వేచియున్నవారిలో 67.5 శాతమే మిగిలిరి.

పుండు లోతును మనము అద్దములో చూచి కొలువలేము. దానిని తేల్చవలసినది వైద్యులే. చుట్ట, అడ్డపొగ, గుట్కా, ఖైనీ అలవాటున్నవారు వానిని మానవలెను. రెండు వారములలో మానని పుండుగాని, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చగాని ఉన్నచో, నొప్పి లేకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెనని మనవి చేయుచున్నాము. పసరులు పూసి కాలము గడుపుట పుండును లోతునకు దిగనిచ్చుటయే.