ప్రాకారంలోని ప్రకృతికి వెల ఎంత?



జీర్ణోద్ధరణ అనగానే మన దృష్టి విమానగోపురం మీదికి, ధ్వజస్తంభం మీదికి పోవడం సహజం. కింద నేల సంగతి అంచనాల పట్టికలో చిట్టచివర ఉంటుంది: ఆవరణ చదును చేసి బండలు పరచుట. ఆ ఒక్క పంక్తిని గురించే మీకు కొంత విన్నవించదలచాను.

ల్యాండ్‌స్కేప్ రూపకర్త అంటే పూలమొక్కలు అమర్చేవాడని పలువురి అభిప్రాయం. ఇయాన్ మెక్‌హార్గ్ అనే రూపశిల్పి 1969లో వెలువరించిన గ్రంథంలో వాలును, నేలను, నీటిని, చెట్లను వేరువేరు పటాలుగా గీసి, ఒకదానిపై ఒకటి పేర్చి, ఎక్కడ కట్టరాదో ముందుగా తెలుసుకోవాలన్నాడు. తరువాత వెల కట్టే పద్ధతులూ వచ్చాయి.

లెక్క చూడండి. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఎకరం ఆవరణలో నూరు మిల్లీమీటర్లు కురిస్తే సుమారు 4 లక్షల లీటర్లు. బండల సందులలో ఇసుక నింపితే అందులో కొంత ఇంకుతుంది. మిగిలినది వాలు వెంట కోనేటికి చేరుతుంది. సందులను సిమెంటుతో మూసి, వాలును వీధి కాలువ వైపు తిప్పితే అంతా వెలుపలికే. పిమ్మట కోనేరు నింపడానికి బోరు వేయవలసిందే. ఆ బోరు, మోటారు, కరెంటు బిల్లు కలిపితే ఆ వాననీటి వెల తెలుస్తుంది. చెట్టునీడ వెల తెలియాలంటే, మే నెల మధ్యాహ్నం ప్రదక్షిణ మార్గంలో తడి గోనెపట్టాలు పరచేవారిని అడగండి!

కాని స్థలవృక్షం దగ్గర ఈ లెక్క చాలదు. అరవై ఏండ్ల రావికి అరవై మొక్కలు బదులు కావు. ఐక్యరాజ్యసమితి పూనికతో సాగి 2005లో వెలువడిన పర్యావరణ సమీక్ష ప్రకృతి సేవలలో ఆధ్యాత్మికమైనవాటినీ చేర్చింది. వాటిని రూపాయలలో చెప్పడం నాకు సమ్మతం కాదు. అటువంటి వృక్షాన్ని ఖర్చుల పట్టికలో కాక, తాకరానిదిగా మొదటి పటంలోనే గుర్తించాలి. మొదలు చుట్టూ సిమెంటు బిగిస్తే వేళ్లకు గాలి, నీరు అందవు. చెట్టు కొన్నేళ్లకు గాని ఆ సంగతి బయటపెట్టదు.

పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి చేరువనే రామప్ప చెరువు నేటికీ పొలాలకు నీరిస్తున్నది. కాకతీయుల కాలంలో గుడి, చెరువు రెండు వేర్వేరు పద్దులు కావు.

మన ఆలయంలో ఉత్తరపు ఆవరణకు ఇంకా బండలు పరచలేదు. కోనేటికి పోయే పాత తూము అక్కడే ఉన్నది. పూడినదే గాని పగలలేదు. దానిని తెరిచి, వాలును అటే ఉంచి, రావి మొదలు చుట్టూ మట్టిని విడిచిపెట్టవలసినదిగా కమిటీ పెద్దలకు మనవి చేశాను. తీర్మానం రావలసి ఉన్నది.