చివరివాడి జ్ఞాపకంలో ఉన్నవాళ్లు



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి విషయం మీ ఇష్టమన్నారు నిర్వాహకులు. మాస్టారు చరిత్ర పాఠం చెబుతూ బోర్డు మీద రాజు పేరు, యుద్ధం పేరు, సంవత్సరం రాసేవారు. రాసి, సుద్దముక్క పక్కన పెట్టి, “ఆ రోజు అక్కడ ఉన్నవాడెవడు? వాడేమన్నాడు?” అని మమ్మల్ని అడిగేవారు. రెండో ప్రపంచ యుద్ధం విషయంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు మన కళ్లముందే వెళ్లిపోయారు, వెళ్లిపోతున్నారు. వాళ్లలో ఫైటర్ పైలట్ల గురించి ఈరోజు నాలుగు మాటలు చెబుతాను.

2025 మార్చి 17న జాన్ హెమింగ్వే కన్నుమూశారు. ఆయనకు 105 ఏళ్లు. 1940 జులై 10 నుంచి అక్టోబర్ 31 దాకా బ్రిటన్ ఆకాశంలో జర్మన్ విమానాలను ఎదుర్కొన్నవాళ్లు దాదాపు మూడువేల మంది. అందులో 544 మంది ఆ పోరులోనే పోయారు. మిగిలినవాళ్లలో చాలామంది యుద్ధం ముగిసేదాకా బతకలేదు. ఆ మూడువేల మందిలో ఆఖరున మిగిలింది హెమింగ్వే ఒక్కరే. ఆ పైలట్లలో ఐదుగురికి ఒకరు బ్రిటన్‌వాళ్లు కారు. పోలండ్ నుంచి, చెకోస్లోవేకియా నుంచి, న్యూజిలాండ్, కెనడాల నుంచి వచ్చినవాళ్లు. హెమింగ్వే కూడా డబ్లిన్‌లో పుట్టిన ఐరిష్ మనిషే. ఆయన దేశం ఆ యుద్ధంలో తటస్థంగా ఉండిపోయింది.

ఆయన నడిపిన హరికేన్ యుద్ధవిమానం ఎలాంటిదో తెలిస్తే తప్ప ఆ కుర్రాళ్లు ఏం చేశారో మనకు అర్థం కాదు. విమానం వెనక సగం లోహపు చట్రం మీద బిగించిన గుడ్డ. రెక్కల్లో ఎనిమిది మెషిన్‌గన్లు. అన్నీ కలిపి ఆపకుండా కాలిస్తే తూటాలు పదిహేను సెకన్లలోపే అయిపోతాయి. ఆ కాస్తలోనే పని ముగించాలి. పెట్రోలు ట్యాంకుల్లో ఒకటి కాక్‌పిట్‌కు సరిగ్గా ముందు ఉంటుంది. దానికి తూటా తగిలిందంటే మంట నేరుగా మొహం మీదికే. అలా కాలిన చేతులతో, కనురెప్పలు లేని కళ్లతో వచ్చిన కుర్రాళ్లకు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో అనే సర్జన్ ఏళ్ల తరబడి కొత్త చర్మం అతికారు. సినిమాల్లో ఈ యుద్ధం అందంగా కనిపిస్తుంది. నీలాకాశం, తెల్లటి పొగచారలు. ఆ ఆసుపత్రి వార్డు సంగతి కూడా కలిపి చెప్పకపోతే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

హెమింగ్వేను యుద్ధంలో మొత్తం నాలుగుసార్లు కూల్చారు. 1940 ఆగస్టు 18న థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట పారాచూట్‌తో దూకి నీళ్లలో పడ్డారు. ఎనిమిది రోజులకే మళ్లీ దూకారు, ఈసారి ఎసెక్స్ బురదనేలల్లో. 1945 ఏప్రిల్‌లో ఇటలీలో శత్రువుల వైపు కూలితే అక్కడి ఊరివాళ్లు రైతు వేషం వేసి దాటించారు. ఇన్ని గండాలు గడిచిన మనిషి తనను వీరుడంటే ఒప్పుకోలేదు. అదృష్టం, అంతే అనేవారు. ఆయన్ను జీవితాంతం బాధపెట్టింది పోయిన స్నేహితులు, అందరికంటే ఎక్కువగా డికీ లీ. ఆగస్టు 18న, హెమింగ్వే సముద్రంలో పడిన ఆ రోజునే, లీ శత్రు విమానాలను తరుముకుంటూ సముద్రం మీదికి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఒకే స్క్వాడ్రన్, ఒకే రోజు, ఒకే సముద్రం. ఒకరికి ఇంకో ఎనభై నాలుగేళ్ల ఆయుష్షు, ఇంకొకరికి ఆ సాయంత్రం కూడా లేదు. నూరేళ్లు దాటిన ముసలాయన మనసులో లీ ఇరవైల్లోనే ఉండిపోయాడు. చివరివాడు పోయిన రోజు పోయింది ఆయన ఒక్కరే కాదని నా నమ్మకం. లీ నడక, నవ్వు, మాట్లాడే తీరు గుర్తుపెట్టుకున్న మనిషి కూడా ఆ రోజే పోయాడు. రికార్డుల్లో లీ పేరుంటుంది, ఆ నవ్వు ఉండదు.

ఇదంతా ఎక్కడి కథో అనుకోకండి. ఆ పోరులో స్పిట్‌ఫైర్లతో డోర్సెట్ జిల్లా వార్మ్‌వెల్ నుంచి ఎగిరి పోర్ట్‌లండ్ నౌకాస్థావరాన్ని కాపాడిన 152వ స్క్వాడ్రన్ పేరు “హైదరాబాద్”. హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్ పేరు “హైదరాబాద్ స్టేట్”. 152 చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది. దాని కింది మాటలకు నమ్మకమైన మిత్రుడని అర్థం. అంతకుముందు 1918లోనే, మొదటి ప్రపంచ యుద్ధంలో, నిజాం కానుకగా ఇచ్చిన విమానాలతో 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌కు వెళ్లింది. కానుక నిజాందే, కానీ ఖజానా నింపింది ఎవరు? నల్లగొండలో, వరంగల్లులో వెట్టిచాకిరీ చేస్తూ శిస్తు కట్టిన రైతు. చిహ్నంలో తలపాగా చేరింది, వాడి జాడ ఎక్కడా లేదు. ఈ ఊళ్లో ఈ మాట చెప్పకుండా ఆ పైలట్లకు నివాళి అర్పించడం నాకు చేతకాదు.

మనవాళ్లు ఎగిరిన యుద్ధం ముఖ్యంగా బర్మాది. 1944లో ఇంఫాల్ చుట్టూ జపాన్ సేనలు బిగిసినప్పుడు అర్జన్ సింగ్ నాయకత్వంలో భారత వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ అక్కడ ఉంది. హరికేన్లు జంటగా వెళ్లేవి. ఒక పైలట్ చెట్లపైనే ఎగురుతూ కింద శత్రువుల జాడ వెతుకుతాడు. రెండోవాడు వెనకాల అటూఇటూ ఊగుతూ అతని వీపు కాస్తాడు. మొదటివాడి కళ్లు నేలమీద, ప్రాణం రెండోవాడి కళ్లలో. అర్జన్ సింగ్ 2017లో వెళ్లిపోయారు. బర్మా మీద హరికేన్ నడిపిన దలీప్ సింగ్ మజీఠియా 103 ఏళ్ల వయసులో 2024 ఏప్రిల్‌లో పోయారు. 1949 ఏప్రిల్ 23న కాఠ్మాండూ లోయలో మొట్టమొదట విమానం దించింది ఆయనే. అప్పటికి అది పశువులు మేసే బయలు.

అవతలివైపు వాళ్లను కూడా తలుచుకోవాలి. మా అమ్మమ్మది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6, సోమవారం. రేవు మీద జపాన్ విమానాలు బాంబులేశాయి. కాకినాడ మీద కూడా. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, చంటిబిడ్డను చంకనేసుకుని పల్లెకు నడిచానని అమ్మమ్మ చెప్పేది. ఆ చంటిబిడ్డ మా పెద్దమామయ్య. ముందురోజు కొలంబో మీద దాడిచేసిన జపాన్ నావికాదళంలో కనామే హరదా అనే జీరో యుద్ధవిమాన పైలట్ ఉన్నాడు. యుద్ధం తర్వాత ఆయన చిన్నపిల్లల బడి పెట్టుకున్నారు. 1991 గల్ఫ్ యుద్ధాన్ని టీవీలో చూసి కుర్రాళ్లు వీడియో గేమ్‌లా ఉందంటుంటే విని, అప్పటిదాకా మింగుకున్నదంతా బయటికి చెప్పడం మొదలుపెట్టారు. తాను కూల్చిన విమానాల్లోని మనుషుల మొహాలు తనకు కనబడేవని చెప్పారు. 2016లో 99 ఏళ్లకు పోయేదాకా చెబుతూనే ఉన్నారు. మా అమ్మమ్మ వింటే ఆయనకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేదనే అనుకుంటాను.

ఇక నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట సైనిక్‌పురిలో ఒక పెద్దాయన్ను కలిశాను. ఇంఫాల్‌లో హరికేన్లకు ఫిట్టర్‌గా పనిచేశారు. పైలట్ కూర్చున్నాక భుజాల మీదుగా స్ట్రాప్‌లు బిగించడం కూడా ఆయన పనే. “వెనకనుంచి వంగి బిగిస్తాం కదా లెక్చరర్ గారూ, మొహం కనపడదు. మెడ కనపడేది. ఒక కుర్రాడికి ఎడమచెవి వెనక పుట్టుమచ్చ ఉండేది. ఒకరోజు వెళ్లాడు, అంతే,” అన్నారు. పేరడిగితే చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. నోటిదాకా వస్తోంది, వచ్చే ఆదివారం రండి, గుర్తుచేసుకుని చెబుతానన్నారు. టేప్ రికార్డర్ తెస్తానన్నాను. పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది, ఆ ఆదివారం వెళ్లలేదు, తర్వాత ఆదివారమూ వెళ్లలేదు. రెండు నెలలకు వెళ్తే గోడమీద ఆయన ఫొటోకు దండ ఉంది. పేరు గురించి వాళ్లబ్బాయిని అడిగాను. నాన్న ఆ వారమంతా ఏదో పేరు కోసం వెతుక్కుంటూనే ఉన్నారండీ అన్నాడు.

1965, 1971 యుద్ధాల్లో ఎగిరినవాళ్లు, వాళ్ల విమానాలను సిద్ధం చేసినవాళ్లు మన సికింద్రాబాద్ కాలనీల్లోనే ఉన్నారు. అందరూ ముసలివాళ్లయ్యారు. విద్యార్థులారా, వెళ్లి అడగండి. పతకాల గురించి తర్వాత. ఆ పొద్దున ఏం తిన్నారో, జేబులో ఏముండేదో, పక్క మంచం మీద ఎవరు పడుకునేవారో అడగండి. మహీందర్ సింగ్ పుజ్జీ అనే సిక్కు పైలట్ కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇంకో తలపాగా దగ్గర పెట్టుకునేవారు. అలాంటి సంగతి ఏ లాగ్‌బుక్కులోనూ ఉండదు.

యాప్రాల్‌లో ఒకాయన ఉన్నారు. 1965లో యుద్ధ విమానం నడిపారు. ఎనభై అయిదు దాటాయి. రేపు పొద్దున పదింటికి రమ్మన్నారు. తొమ్మిదిన్నరకే వెళ్లి గేటు దగ్గర నిలబడతాను.