క్లచ్ శబ్దం: ప్లేట్లు మార్చే ముందు క్లచ్ పట్టి వినండి

వడ్డాది నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో పాత బండి క్లచ్ శబ్దం గురించి చెప్పుకుందాం. నా దగ్గరకు వచ్చే పాత బళ్ళలో ఎక్కువ హీరో హోండా స్ప్లెండర్లే, అందుకని దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. 1994లో వచ్చిన బండి అది. 2010 డిసెంబరులో హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించాయి కాబట్టి, ట్యాంకు మీద ఆ రెండు పేర్లూ కలిసి ఉన్నాయంటే దాని వయసు మీకే అర్థమవుతుంది.

మన వైపు క్లచ్‌కి పని ఎక్కువ. భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీద గొయ్యి గొయ్యికీ క్లచ్ పట్టాలి. చోడవరం బజార్లో అడుగడుక్కీ పట్టాలి. ఇక పాడేరు ఘాట్ ఎక్కితే చెప్పక్కర్లేదు. అలాంటి బండిలో ఒకరోజు కుడివైపు నుంచి శబ్దం మొదలవుతుంది. ఎవరిని అడిగినా ఒకటే మాట: "క్లచ్ ప్లేట్లు పోయాయి, సెట్ మార్చెయ్." ఆగండి. ప్లేట్లు అరిగితే మొదట కనబడేది శబ్దం కాదు, జారుడు. ఆక్సిలేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. శబ్దం ఉంది, లాగుడు బాగానే ఉంది అంటే దొంగ వేరే చోట ఉన్నాడని.

లోపల ఏముందో రెండు ముక్కల్లో చెప్తాను. గిన్నెలాంటి హౌసింగ్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అది తిరుగుతుంది. అందులో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, స్ప్రింగులతో నొక్కి ఉంటాయి. మీరు క్లచ్ పట్టగానే కేబుల్ లాగుతుంది, ఒక చిన్న బేరింగ్ మీద ఒత్తిడి పడుతుంది, ప్లేట్లు విడిపోతాయి. అప్పుడు గేర్‌బాక్సుకి ఇంజిన్‌తో సంబంధం ఉండదు. ఇది గుర్తుంటే మిగతాదంతా తేలిక.

ఇప్పుడు పరీక్ష. బండిని ఆరుబయట సెంటర్ స్టాండ్ వెయ్యండి. మూసిన గదిలో వద్దు, పొగ ప్రమాదం. ఇంజిన్ వేడెక్కనివ్వండి. న్యూట్రల్‌లో పెట్టి, ఐడిల్‌లో వినండి. క్లచ్ మెల్లగా పూర్తిగా పట్టండి, మెల్లగా వదలండి. నాలుగైదు సార్లు చెయ్యండి.

ఒకటి, క్లచ్ పట్టినప్పుడే గర్‌ర్ మనో, కీచుమనో వస్తోంది, వదిలితే పోతోంది. అనుమానం ఆ చిన్న బేరింగ్ మీద. ఎందుకంటే క్లచ్ పట్టినప్పుడే దాని మీద బరువు పడుతుంది.

రెండు, వదిలినప్పుడు వస్తోంది, పడితే ఆగిపోతోంది. ఇక్కడ ఇద్దరు అనుమానితులు. టకటకమని కొట్టుకుంటూ, కొంచెం ఆక్సిలేటర్ ఇవ్వగానే సర్దుకుంటే హౌసింగ్ వెనకాల కుదుపు తట్టుకునే స్ప్రింగులు వదులైనట్టు. ఐడిల్ మరీ తక్కువ పెట్టినా ఇదే శబ్దం వస్తుంది, ముందు అది సరిచెయ్యండి. అలా కాకుండా ఇంజిన్ వేగంతో పాటు హోరు పెరుగుతుంటే గేర్‌బాక్స్ బేరింగ్ చూడాలి. పాత బండిలో కొద్దిపాటి గలగల మామూలే. అది రోజురోజుకీ పెరుగుతోందా అన్నదే ముఖ్యం.

మూడు, క్లచ్ పట్టినా, వదిలినా ఏ మార్పూ లేదు. అప్పుడు అది క్లచ్ కాకపోవచ్చు. స్ప్లెండర్‌కి టైమింగ్ చైన్ ఎడమవైపు, క్లచ్ కుడివైపు ఉంటాయి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన కవర్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టి రెండు వైపులా వినండి. సైలెన్సర్‌కి చెయ్యి, తిరిగే చక్రానికి బట్టలు తగలకుండా చూసుకోండి.

మొన్న ఒక పాల అన్న వచ్చాడు. రెండు వైపులా క్యాన్లు కట్టుకుని తెల్లారకుండా తిరిగే మనిషి. బండి ఒకపూట ఆగితే పాలు విరిగిపోతాయి, ఆ రోజు సంపాదన పోతుంది. "సెట్టు మొత్తం మార్చాలన్నారు తమ్ముడూ, డబ్బులు చూసుకుని వస్తాను" అన్నాడు. క్లచ్ పట్టి చూస్తే గర్‌ర్, వదిలితే నిశ్శబ్దం. కవర్ విప్పితే ప్లేట్లు బాగున్నాయి. బేరింగ్ వేలితో తిప్పితే ఇసక పోసినట్టు గరగరలాడింది. బేరింగ్, కవర్ గ్యాస్కెట్, ఆయిల్ మార్చాం, అంతే. సెట్ ఖరీదులో అది చిన్న ముక్క. అలాగని ఆ శబ్దాన్ని వదిలెయ్యకూడదు సుమా. బేరింగ్ పగిలితే క్లచ్ పట్టినా విడవదు, ఇనప ముక్కలు ఆయిల్లో పడి ఇంజిన్ మొత్తం తిరుగుతాయి. ఘాట్ మలుపులో అలా అయితే డబ్బు మాట తర్వాత, ముందు మనిషికే ప్రమాదం.

బాగుచెయ్యడం ఎప్పుడూ ఖర్చు తక్కువ దాని నుంచే మొదలుపెట్టండి.

మొదట ఆయిల్. లెవెల్ చూడండి. ఈ క్లచ్ ఇంజిన్ ఆయిల్లోనే మునిగి పనిచేస్తుంది కాబట్టి కారు ఆయిల్ పోయకండి. కొన్ని కారు ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే మందు కలుపుతారు, దాంతో ప్లేట్లు జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న బైక్ ఆయిల్ తీసుకోండి.

తర్వాత కేబుల్. క్లచ్ లీవర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్లు, అంటే సుమారు వేలి వెడల్పు, వదులు ఉండాలి. అసలు వదులు లేకపోతే బేరింగ్ మీద ఎప్పుడూ ఒత్తిడే, ప్లేట్లు కూడా జారతాయి. వదులు మరీ ఎక్కువైతే ప్లేట్లు పూర్తిగా విడవవు, ఫస్ట్ గేర్ వెయ్యగానే ఠక్కున కొడుతుంది.

ఈ రెండింటితో తగ్గకపోతేనే కవర్. ఇంజిన్ చల్లారాక ఆయిల్ దింపి, కిక్ రాడ్ తీసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చెయ్యండి. స్ప్రింగుల బోల్టులూ అంతే. స్ప్రింగులన్నీ పక్కపక్కన నిలబెట్టండి, ఒకే ఎత్తు ఉండాలి. స్టీలు ప్లేట్లు అద్దం మీద పెట్టండి, వంకర ఉంటే తెలుస్తుంది. హౌసింగ్ వేళ్ళకి ప్లేట్లు కొట్టుకుని గాట్లు పడ్డాయా చూడండి. గీతల్లా ఉంటే సన్న ఆకురాయితో సరిచేసుకోవచ్చు, లోతుగా ఉంటే హౌసింగ్ మార్చాల్సిందే. నడుమ నట్ వదులైందా అని తప్పకుండా చూడండి. ఎలాగూ విప్పారు కాబట్టి అక్కడే ఉన్న గుండ్రటి ఆయిల్ ఫిల్టర్ మడ్డి కూడా శుభ్రం చేసేయండి. కొత్త ప్లేట్లు వేస్తే ముందు ఇంజిన్ ఆయిల్లో నానబెట్టి వెయ్యండి. పొడిగా వేస్తే మొదటి రోజే మాడతాయి.

మీకు విప్పడం రాకపోయినా పర్లేదు. మెకానిక్ దగ్గరకు వెళ్ళి "క్లచ్ శబ్దం" అనకండి. "అన్నా, క్లచ్ పడితే వస్తోంది, వదిలితే పోతోంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అతనికి సగం వెతుకులాట తప్పుతుంది, మీకు అక్కర్లేని ఖర్చు తప్పుతుంది. తీసిన పాత సామాను అడిగి తీసుకుని చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో టైమింగ్ చైన్ శబ్దం చూద్దాం. హెల్మెట్ పెట్టుకోండి, జాగ్రత్తగా వెళ్ళండి. ఉంటాను మరి.