తొలి జీతం నుంచే పొదుపు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





చిన్న వయసులోనే పొదుపు, పెట్టుబడి మొదలుపెట్టడం గురించి మాట్లాడమన్నారు. దీంట్లో కాంపౌండింగ్ అనే మాట తప్పదు. మన లెక్కల పుస్తకాల్లో దాన్ని చక్రవడ్డీ అని రాశారు. ఆ మాట వినగానే మన పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు. మూసుకోవడం న్యాయమే. అందుకని ముందు ఆ సంగతి తేల్చుకుని తర్వాత పొదుపు దగ్గరికి వద్దాం. నేను ముఫ్తీని కాను, లెక్కలు చెప్పేవాణ్ని. మసాయిల్ దగ్గర ఆలిముల మాటే చివరి మాట.

కూతురి నికాకో, ఆసుపత్రికో మన ఇళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెస్తారు. ప్రామిసరీ నోటుకు చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. ఆ గడువు దాటకముందే అప్పిచ్చినాయన వచ్చి నోటు తిరగరాయించుకుంటాడు. మూడేళ్ల వడ్డీ 1 లక్షా 8 వేలు. ఏమీ కట్టలేకపోతే అసలూ వడ్డీ కలిపి 2 లక్షల 8 వేలకు కొత్త నోటు. ఇంకో మూడేళ్లకు అది 4 లక్షల 32 వేలు. తొమ్మిదో ఏడు నిండేసరికి 9 లక్షలు. తెచ్చింది మాత్రం ఒక్క లక్ష. ఆలి ఇమ్రాన్ సూరా 130వ ఆయత్ రెట్టింపుల మీద రెట్టింపుల వడ్డీని వద్దంటుంది. ఆ ఆయత్ అర్థం తెలియాలంటే తఫ్సీర్ దాకా పోనక్కర్లేదు, ఇలాంటి నోటు ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే చాలు.

ఇప్పుడు ఇంకో లెక్క. పల్లెల్లో మేకను పెంపకానికి ఇస్తారు. పుట్టిన పిల్లల్లో చెరి సగం. మీ వాటాకు వచ్చిన పిల్లను అమ్ముకోకుండా మందలోనే ఉంచితే అదీ పెరిగి ఈనుతుంది. కొన్నేళ్లకు మీకో చిన్న మంద తయారవుతుంది. రోగం వచ్చి మేకలు చస్తే ఆ నష్టమూ మీదే. ఇదీ పెరిగిన దాని మీద పెరగడమే, కానీ ఇందులో వడ్డీ లేదు. వచ్చిన లాభాన్ని తినెయ్యకుండా మళ్లీ పనిలో పెట్టడం ఉంది. లాభనష్టాల్లో పాలు పంచుకునే పద్ధతి మనకు కొత్తదీ కాదు. హజ్రత్ ఖదీజా (రజి) తన సరుకుతో ప్రవక్త (స)ను షామ్‌కు పంపింది లాభంలో వాటా పద్ధతి మీదనే. దానికి ఫిఖ్హ్‌లో ముదారబా అని పేరుంది.

ఈ పెరుగుదలకు డబ్బు ఎంత కావాలో కాలం అంతకంటే ఎక్కువ కావాలి. అక్కచెల్లెళ్లు ఇద్దరున్నారనుకుందాం. అక్క 23వ ఏట ఉద్యోగంలో చేరి నెలకు 2 వేలు పక్కన పెట్టింది. 33 దాకా పెట్టి, పిల్లల ఖర్చులు మీద పడి ఆపేసింది. ఉన్న డబ్బును మాత్రం కదిలించలేదు. చెల్లెలు 33వ ఏట మొదలుపెట్టి 58 దాకా, అంటే 25 ఏళ్లపాటు, నెలకు 2 వేలు వదలకుండా కట్టింది. అక్క వేసింది 2 లక్షల 40 వేలు, చెల్లెలు వేసింది 6 లక్షలు. ఏడాదికి 10 శాతం పెరిగిందనుకుంటే ఇద్దరికీ 58 వచ్చే నాటికి అక్క దగ్గర సుమారు 41 లక్షలు, చెల్లెలి దగ్గర 23 లక్షల 60 వేలు ఉంటాయి.

10 శాతం ఎవరూ రాసిచ్చింది కాదు, లెక్క కోసం అనుకున్నది. 8 శాతం చొప్పున చూస్తే అక్కకు 23 లక్షల 80 వేలు, చెల్లెలికి 17 లక్షల 50 వేలు. 6 శాతమే వచ్చినా అక్క కాస్త ముందే ఉంటుంది. చెల్లెలు సోమరి కాదు, అక్క కంటే రెండున్నర రెట్లు ఎక్కువే కట్టింది. పదేళ్లు ఆలస్యమైంది, అంతే.

ఇది దాతల సభ కనుక జకాత్ సంగతి కూడా ఇక్కడే చూడాలి. డబ్బును బీరువాలో పెట్టుకుంటే ఏమవుతుంది? నిసాబ్ దాటిన 5 లక్షలు ఏ పనీ లేకుండా ఉన్నాయనుకోండి. ఏటా రెండున్నర శాతం జకాత్ తీస్తే పదేళ్లకు 3 లక్షల 88 వేలు, ఇరవై ఏళ్లకు 3 లక్షలు మిగులుతాయి. ఈలోగా ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకే రూపాయి విలువ సగం. జకాత్ పేదల హక్కు, అది పోయిందని ఎవరూ బాధపడరు. కానీ పని చెయ్యని సొమ్ము నుంచి పేదలకు అందేది కూడా ఏటికేడు తగ్గిపోతుంది. అనాథల ఆస్తిని వ్యాపారంలో పెట్టాలని, లేదంటే జకాత్ దాన్ని తినేస్తుందని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన విషయం ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఉంది. అనాథ సొమ్ము విషయంలోనే అంత జాగ్రత్త చెప్పినప్పుడు మన సొంత సొమ్మును నిద్రపుచ్చడానికి మనకేం సాకు ఉంది?

మళ్లీ ఆ అక్కచెల్లెళ్ల దగ్గరికి వెళ్దాం. ఈసారి ఇద్దరూ మొత్తం సొమ్ము మీద ఏటా రెండున్నర శాతం జకాత్‌ను ఆ డబ్బులోంచే తీశారనుకుందాం. 10 శాతం పెరుగుదల మీదే 58వ ఏటికి అక్కకు సుమారు 19 లక్షల 30 వేలు, చెల్లెలికి 15 లక్షల 70 వేలు మిగులుతాయి. ఈ మధ్యకాలంలో చెల్లెలు ఇచ్చిన జకాత్ మొత్తం 3 లక్షల 70 వేలు. అక్క ఇచ్చింది 6 లక్షల 40 వేలు. తన జీతంలోంచి అక్క తీసింది 2 లక్షల 40 వేలే! దాచుకున్న దానికి రెండున్నర రెట్లకు పైగా పేదలకు చేరింది, ఆ పైన తనకూ మిగిలింది. మన సొసైటీ రసీదు పుస్తకాల్లో పెద్ద అంకెలు కావాలంటే పెద్ద జీతాల కోసమే చూడనక్కర్లేదు, తొందరగా మొదలుపెట్టిన చిన్న జీతాలు కూడా ఆ పని చేస్తాయి.

సరే, ఎక్కడ పెట్టాలి? ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కనుక వద్దనుకునేవారికి మన దేశంలో దారి లేకపోలేదు. షరియా ప్రమాణాలతో కంపెనీలను వడపోసే ఫండ్లు ఉన్నాయి. టాటా ఎథికల్ ఫండ్, టారస్ ఎథికల్ ఫండ్, నిఫ్టీ 50 షరియా బీస్ అలాంటివి. నేను వీటి ఏజెంటును కాను, ఉన్నాయని చెబుతున్నానంతే. బ్యాంకులు, ఇన్సూరెన్స్, మద్యం, పొగాకు, జూదం కంపెనీలను ముందే పక్కన పెడతారు. మిగిలిన వాటిలో పరిమితికి మించి వడ్డీ అప్పులున్న వాటినీ తీసేస్తారు. ఎంత వడపోసినా కంపెనీల ఆదాయంలో కొద్దిగా వడ్డీ కలిసి ఉంటుంది. ఆ కొద్ది భాగాన్ని లెక్కగట్టి సవాబ్ ఉద్దేశం లేకుండా ఇచ్చెయ్యాలని ఆలిములు చెబుతారు. అలా ఇచ్చేవారు మన కౌంటర్లో ఆ సంగతి చెప్పి ఇవ్వండి. దాన్ని జకాత్ ఖాతాలో కలపకూడదు.

వీటిలో హెచ్చుతగ్గులు ఉంటాయి. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 8 వేల లోపుకు పడిపోయింది. అప్పుడు భయపడి అమ్ముకున్నవాళ్లకు నష్టం చేతికొచ్చింది. నెలనెలా కడుతూ ఓపిక పట్టినవాళ్లు అదే డబ్బుతో ఎక్కువ యూనిట్లు కొన్నారు. అందుకే వచ్చే మూడు నాలుగేళ్లలో పెళ్లికో ఫీజుకో కావలసిన డబ్బు ఇందులో పెట్టొద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని, నూటికి మూడు అప్పు ఉంటే ముందు అది తీర్చేసి, ఆ తర్వాతే ఇటు రండి.

ఒక హెచ్చరిక చెయ్యకుండా ఉండలేను. హలాల్ అని బోర్డు పెట్టి, నెలకు 3 శాతం లాభం గ్యారంటీ అని మసీదు బయట కరపత్రాలు పంచేవాళ్లు వస్తుంటారు. గడ్డం చూసి నమ్మొద్దు, కాంపౌండింగ్ లెక్క వేసి చూడండి. నెలకు 3 శాతం నిజంగా వచ్చి, దాన్ని మళ్లీ అక్కడే పెడితే లక్ష రూపాయలు పదేళ్లలో దాదాపు 35 లక్షలు, ఇరవై ఏళ్లలో 12 కోట్లు కావాలి. అలాంటి వ్యాపారం ఉన్నవాడు మన లక్ష కోసం గల్లీగల్లీ తిరుగుతాడా? పైగా నష్టంతో నిమిత్తం లేకుండా ఇంత ఇస్తానని ముందే ఖాయం చేస్తే, దానికి ఏ పేరు పెట్టినా అది మేక పెంపకం కాదు, ప్రామిసరీ నోటే. తెలంగాణలో, ఆంధ్రలో, కర్ణాటకలో ఎన్ని కుటుంబాలు గల్ఫ్ సంపాదనను ఇలాంటి చోట పోగొట్టుకున్నాయో ఈ హాల్లో చాలామందికి నాకంటే బాగా తెలుసు.

నిదానంగా చేస్తే ఏం సాధించవచ్చో చూడాలంటే మలేషియా వైపు చూడాలి. అక్కడి పల్లె రైతులు హజ్ కోసం పొలాలు, పశువులు అమ్ముకుని, తిరిగొచ్చాక చేతిలో ఏమీ లేక ఇబ్బంది పడేవారు. వడ్డీ అంటిన డబ్బుతో హజ్ చెయ్యలేమని బ్యాంకుల జోలికి పోయేవారు కాదు. ఉంకు అజీజ్ అనే ఆర్థికవేత్త 1959లో దీనికి ఒక పథకం రాసి ఇచ్చారు. 1963లో సంస్థ మొదలైంది. చేరింది 1,281 మంది, పోగైంది 46,600 రింగిట్లు. ఇవాళ తాబూంగ్ హాజీ అనే పేరుతో లక్షల మంది పొదుపును అది చూస్తోంది. అక్కడా అన్నీ మంచి ఏళ్లే కాదు. 2018కి 1.25 శాతమే పంచగలిగింది. లాభనష్టాల్లో వాటా అంటే ఒప్పుకోవలసింది ఇదే.

ఇక మిమ్మల్ని అడగవలసినవి రెండే ఉన్నాయి. మన స్కాలర్‌షిప్‌తో చదివి ఉద్యోగంలో చేరే పిల్లలకు ఫోన్ చేసి అభినందనలు చెబుతాం. అదే ఫోన్లో తొలి జీతం నుంచి 500 అయినా సరే నెలనెలా పెట్టమని చెప్పండి. జీతం రాగానే బ్యాంకు దానంతటదే కోసే ఏర్పాటు చేసుకోమనండి. నెలాఖరున మిగిలింది దాద్దామనుకుంటే మన ఇళ్లలో ఏ నెలా ఏమీ మిగలదు. చెల్లెలికి జహేజ్ సమకూర్చడం కోసం ఇదంతా తీసెయ్యమనే ఇంటి పెద్దలకు కూడా ఒక మాట మీరే చెప్పాలి. మీ మాట వింటారు.

రెండోది, మీ మనవళ్లు మనవరాళ్ల ఈదీ. ఈద్ నాడు చేతికొచ్చిన నోట్లు సాయంత్రానికి ఐస్‌క్రీములైపోతాయి. సగం వాళ్లను తిననివ్వండి, పండగే కదా. మిగతా సగం వాళ్ల పేరున ఖాతాలో వెయ్యండి. పద్దెనిమిది నిండేసరికి కాలేజీ ఫీజులో ఒక భాగం అవుతుంది, డబ్బు ఎలా పెరుగుతుందో కళ్లారా చూసినట్టూ అవుతుంది. ఖాతాలో నామినీ పేరు తప్పకుండా రాయండి. నామినీ అంటే వారసుడని కాదు, సొమ్ము అందుకుని హక్కుదారులకు పంచవలసినవాడు. ఈ సంగతి ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

మిగతా సమయం ప్రశ్నలకు వదిలేస్తున్నాను. ఫండ్ యూనిట్ల మీద జకాత్ ఎలా లెక్కగట్టాలి, జీతంలో తప్పనిసరిగా కోసే పీఎఫ్ సంగతేమిటి అని ఇందాకే కొందరు చీటీలు పంపారు. అవి నేను చెప్పకూడదు. ముఫ్తీ సాహెబ్ ముందు వరసలోనే ఉన్నారు, మైకు వారికి ఇద్దాం.

వస్సలాము అలైకుం.